కంటిపాప మర్మం తెలిపిన హకీమ్ అర్రాజీ

తలకు దెబ్బ తగిలిన మనిషిని పెద్దతిప్పసముద్రం నుంచి మదనపల్లె ఆసుపత్రికి తీసుకువెళ్ళినా, హైదరాబాదుకు తీసుకువెళ్ళినా డాక్టరు తొలుత చేసే పనుల్లో ఒకటుంది. రెప్ప ఎత్తి కంట్లోకి టార్చిలైటు వేసి చూస్తారు. వెలుతురు పడగానే కంటిపాప ముడుచుకోవాలి. ఒక పాప ముడుచుకోకుండా పెద్దదిగానే ఉండిపోతే మెదడుకు ప్రమాదమేమోనని అనుమానించాలి. ఈ పరీక్షకు మూలమైన సంగతిని వెయ్యేళ్ళ క్రితమే గ్రంథస్థం చేసిన వైద్యుడు అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా అర్రాజీ.

ఆయన హిజ్రీ 251లో, అనగా క్రీ.శ. 865లో, ఇరాన్‌లోని రయ్ పట్టణంలో జన్మించారు. ఊరి పేరే ఆయనకు రాజీ అన్న పేరు తెచ్చింది. రయ్‌లోనూ, బాగ్దాదులోనూ ఆసుపత్రులకు పెద్దగా పనిచేశారు. పేదల పట్ల ఎంతో దయ చూపేవారని చరిత్రకారులు రాశారు. వైద్యుడు అందుబాటులో లేని వారి కోసం ప్రత్యేకంగా ఒక పుస్తకమే రచించారు. మశూచి వేరు, తట్టు వేరు అని లక్షణాలతో సహా వివరించిన ఆయన గ్రంథం జగత్ప్రసిద్ధం.

ఆ కాలంలో వైద్యానికి గ్రీకు పండితుడు గాలెన్ మాటే ప్రమాణం. మెదడు నుంచి కంటిలోకి ఒక సూక్ష్మవాయువు వస్తుందనీ, అది నిండినప్పుడు పాప వెడల్పవుతుందనీ గాలెన్ భావించాడు. అర్రాజీ మాత్రం కంటినే గమనించారు. రయ్ పాలకుడు మన్సూర్‌కు అంకితమిచ్చిన కితాబుల్ మన్సూరీలో, వెలుతురు ఎక్కువైతే పాప చిన్నదవుతుందనీ, చీకటిలో పెద్దదవుతుందనీ, కంటికి ఎంత వెలుగు అవసరమో అంతే లోనికి పోవడానికి ఈ ఏర్పాటనీ తెలిపారు. గాలెన్‌ను ఎంతో గౌరవిస్తూనే, ఆయన మాటల్లోని సందేహాలపై విడిగా ఒక గ్రంథం రాశారు. గురువును గౌరవించడం వేరు, కంటికి కనిపించిన సత్యాన్ని దాచడం వేరు అని ఆయన జీవితం చాటుతుంది.

నేడు ఆ పాపను పరారుణ కెమెరాలతో కొలుస్తున్నారు. మంచి వెలుతురులో అది సుమారు 2 నుంచి 4 మిల్లీమీటర్లు, చీకటిలో 4 నుంచి 8 మిల్లీమీటర్లు ఉంటుంది. నోటిలెక్కలు చేసేటప్పుడు కూడా పాప పెద్దదవుతుందని 1964లో అమెరికాలో హెస్, పోల్ట్ అనే పరిశోధకులు చూపించారు. కంటిపాపను చూసి మనసు పడే శ్రమను కూడా అంచనా వేయవచ్చునని అలా తేలింది.

విధి విచిత్రం! ఇంతగా కంటిని శోధించిన అర్రాజీ చివరి దశలో చూపు కోల్పోయారు. శస్త్రచికిత్సకు వచ్చిన వైద్యుణ్ణి కంటికి ఎన్ని పొరలున్నాయని అడిగారనీ, అతను చెప్పలేకపోవడంతో చికిత్స వద్దన్నారనీ ఒక కథ ప్రచారంలో ఉంది. హిజ్రీ 313లో, క్రీ.శ. 925లో, స్వస్థలంలోనే ఆయన కన్నుమూశారు.

ఆయన రాసిపెట్టుకున్న వైద్యానుభవాలను శిష్యులు అల్ హావీ పేరుతో కూర్చారు. 1279లో అది లాటిన్‌లోకి వెళ్ళి ఐరోపా వైద్యులకు శతాబ్దాలపాటు పాఠ్యమయింది. మన హైదరాబాదులో చార్మినార్ చెంతనున్న నిజామియా తిబ్బీ కళాశాలలో బోధించే యునానీ వైద్యానికి కూడా ఆయన మూలపురుషులలో ఒకరు. ఎంతటి గ్రంథం చేతిలో ఉన్నా ముందు రోగిని చూడాలన్నదే ఆ హకీమ్ మనకు వదలివెళ్ళిన ఆస్తి.