న్యాయవాదిగా ఓడి, తాళాలతో నిలిచిన అర్దేశిర్ గోద్రెజ్

తెలుగునాట ఉక్కు బీరువాను గోద్రెజ్ బీరువాగా వ్యవహరించే ఇళ్లు అనేకం. ఆ పేరును ఇంటింటికీ చేర్చిన సంస్థ వ్యవస్థాపకుడు అర్దేశిర్ గోద్రెజ్ మొదట న్యాయవాది. చేపట్టిన వృత్తి వదులుకుని, తొలి వ్యాపారంలో నష్టపోయిన తర్వాతనే ఆయన తాళాల తయారీకి పూనుకున్నారు.

అర్దేశిర్ 1868లో బొంబాయిలోని ఒక పార్శీ కుటుంబంలో జన్మించారు. యౌవనంలోనే ఆయనకు తీరని విషాదం ఎదురైంది. 1891 ఏప్రిల్ 25న భార్య బచ్చూబాయి మరొక యువతితో పాటు నగరంలోని రాజాబాయి గోపురం పైనుంచి పడి మరణించారు. నాడు దేశమంతటా సంచలనం కలిగించిన ఆ ఉదంతం న్యాయస్థానం వరకు వెళ్లింది. అర్దేశిర్ మళ్లీ వివాహం చేసుకోలేదు.

న్యాయశాస్త్రం అభ్యసించిన ఆయన 1894లో ఒక వ్యాజ్యం నిమిత్తం తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్‌కు వెళ్లారు. కక్షిదారు కోసం సత్యాన్ని వక్రీకరించవలసి రావడంతో అందుకు నిరాకరించి, వృత్తికే స్వస్తి చెప్పి స్వదేశానికి తిరిగివచ్చారు. బొంబాయిలో ఒక ఔషధ విక్రయశాలలో సహాయకునిగా చేరారు.

అక్కడి అనుభవంతో శస్త్రచికిత్స పరికరాల తయారీ ఆలోచన కలిగింది. కుటుంబ మిత్రుడు మెర్వాన్‌జీ కామా 3,000 రూపాయలు అప్పుగా ఇచ్చారు. పరికరాల నాణ్యతను కొనుగోలుదారైన ఆంగ్ల సంస్థ మెచ్చుకున్నప్పటికీ, వాటిపై భారతదేశంలో తయారైనట్లు ముద్రించేందుకు అంగీకరించలేదు. అర్దేశిర్ కూడా పట్టు సడలించలేదు. ఫలితంగా ఆ వ్యాపారం మూతపడింది.

ఆ రోజుల్లో బొంబాయిలో దొంగతనాలు పెరుగుతున్నాయన్న పత్రికా వార్త ఆయన దృష్టిని ఆకర్షించింది. మేలైన తాళాలు విదేశాల నుంచి దిగుమతి అయ్యేవి. కామా వద్దనే మరోసారి అప్పు తీసుకుని, 1897లో లాల్‌బాగ్‌లోని ఒక షెడ్డులో కొద్దిమంది పనివారితో తాళాల తయారీ ప్రారంభించారు. అప్పటికి ఆయన వయస్సు 29 ఏళ్లు. కామా బంధువైన బాయిస్ భాగస్వామిగా చేరి కొద్దికాలానికే వైదొలగినా, సంస్థ పేరులో ఆయన పేరును అర్దేశిర్ అలాగే ఉంచారు.

తాళాల అనంతరం అగ్నిని తట్టుకునే ఇనుప పెట్టెలపై ఆయన దృష్టి సారించారు. సోదరుడు పిరోజ్‌షా సంస్థలో చేరి విస్తరణ బాధ్యతలు చేపట్టారు. జంతువుల కొవ్వుతో సబ్బులు తయారవుతున్న కాలంలో అర్దేశిర్ వృక్షనూనెలతో సబ్బును రూపొందించి విపణిలోకి తెచ్చారు.

స్వదేశీ ఉద్యమాన్ని అభిమానించినా, నాసిరకం వస్తువును దేశభక్తి పేరిట ప్రజలకు అంటగట్టరాదన్నది ఆయన నిశ్చితాభిప్రాయం. దేశీయ వస్తువు నాణ్యతలోనే విదేశీ వస్తువుతో పోటీపడాలని ఆయన వాదించారు. 1921లో తిలక్ స్వరాజ్య నిధికి మూడు లక్షల రూపాయలు విరాళమిచ్చారు.

అరవయ్యేళ్ల ప్రాయంలో వ్యాపారాన్ని పిరోజ్‌షాకు అప్పగించి, వ్యవసాయం చేసేందుకు నాసిక్ తరలివెళ్లారు. నడుస్తున్న పరిశ్రమను వీడి, తనకు కొత్తదైన రంగంలో మళ్లీ మొదటి నుంచి ప్రారంభించడానికి వెనుకాడలేదు. 1936లో కన్నుమూశారు.

స్వాతంత్ర్యానంతరం 1951-52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలకు ఆ సంస్థ లక్షలాది ఉక్కు బ్యాలెట్ పెట్టెలను తయారు చేసి అందించింది. వారసుల మధ్య 2024లో కుదిరిన ఒప్పందంతో గోద్రెజ్ వ్యాపార సామ్రాజ్యం రెండుగా విడిపోయింది.

అర్దేశిర్ వృత్తులు మార్చారే గాని నియమం మార్చలేదు. అసత్యం పలకలేక న్యాయవాద వృత్తిని, దేశం పేరు దాచలేక తొలి వ్యాపారాన్ని కోల్పోయారు. చివరకు నమ్మకమే ప్రధానమైన తాళాల వ్యాపారంలో, అంతకుముందు నష్టం తెచ్చిన ఆ నియమమే ఆయనకు పెట్టుబడి అయింది.