తొరపల్లి మునసబు గారి కుమారుడు

ధర్మపురిలో ప్రభుత్వ న్యాయ కళాశాల 2017లో ప్రారంభమైంది. అంతకు పూర్వం ఈ ప్రాంతపు విద్యార్థులు న్యాయశాస్త్రం అభ్యసించాలంటే సేలమో, చెన్నపట్టణమో, బెంగుళూరో వెళ్ళవలసి వచ్చేది. ఆ కళాశాల తెరవడానికి 120 ఏండ్లకు ముందే ఈ నేలనుండి మద్రాసు వెళ్ళి న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొన్న యువకుడొకరున్నారు. ఆయనే చక్రవర్తి రాజగోపాలాచారి. రాజాజీ అనగానే మనకు గవర్నరు జనరలు పదవి, రామాయణ భారతాల రచన స్ఫురిస్తాయి. వకీలుగా, ఖైదీగా, పాలకుడుగా ఆయన నేరన్యాయ వ్యవస్థను మూడు వైపుల నుండి చూచిన సంగతి మాత్రం మనం తక్కువగా చెప్పుకొంటాము. పాఠకులకు ఆ కోణాన్ని పరిచయం చేయడమే ఈ వ్యాసోద్దేశం.

1878 డిసెంబరులో హోసూరు సమీపాన తొరపల్లి గ్రామంలో రాజాజీ జన్మించారు. నాడది సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరి, 2004 నుండి కృష్ణగిరి జిల్లాలో ఉన్నది. తెలుగు, కన్నడం, తమిళం మూడూ వీధిలో వినవచ్చే సీమ ఇది. తండ్రి వెంకటార్యులు గ్రామ మునసబు, తల్లి సింగారమ్మ. నాటి మునసబు కేవలం శిస్తు వసూలు చేసే ఉద్యోగి కాదు. చిల్లర తగాదాలను విచారించడం, ఊరిలో నేరం జరిగితే పోలీసులకు కబురు పంపడం కూడా అతని విధులే. కనుక చట్టమనేది ఆ బాలునికి పుస్తకంలో కంటె ముందుగా ఇంటి అరుగు మీదనే కనిపించి ఉంటుందని మా ఊహ.

హోసూరు పాఠశాలలో చదివి 1891లో మెట్రిక్యులేషను, బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో 1894లో బి.ఎ., మద్రాసులో 1897లో న్యాయశాస్త్రం ముగించారు. అదే సంవత్సరం వివాహం. 1900లో సేలంలో వృత్తి ప్రారంభించారు. అప్పటికి రెండేండ్ల క్రిందట, 1898లో, కొత్త క్రిమినల్ ప్రొసీజరు కోడు వచ్చింది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త నేర చట్టాలతో నేటి విద్యార్థులు తంటాలు పడుతున్నట్లే నాటి యువ వకీళ్ళు ఆ కోడుతో తంటాలు పడియుండవచ్చును.

సేలం న్యాయవాదుల సంఘంలో అప్పటికే ఒక దిగ్దంతుడున్నారు. ఆయన విజయరాఘవాచారి. 1882 నాటి సేలం అల్లర్ల కేసులో పదేండ్ల ద్వీపాంతర శిక్షకు గురై, హైకోర్టు అప్పీలులో నిర్దోషిగా బయటపడిన మనిషి. తప్పుడు సాక్ష్యం ఒక మనిషిని ఎంత దూరం ఈడ్చుకొనిపోగలదో కళ్ళారా చూపే ఉదాహరణ ఆ పట్టణంలోనే ఉండగా, కొత్త వకీలుకు వేరే పాఠం అక్కరలేదు. క్రిమినల్ కేసులలో రాజాజీ స్వల్పకాలంలోనే పేరు, ధనం సంపాదించారు. 1918లో మదురై ప్రసంగానికి గాను రాజద్రోహం మోపబడిన వరదరాజులు నాయుడు గారి పక్షాన వాదించారు. నాయుడు గారు సేలం జిల్లాకు చెందిన తెలుగువారు. సేలం పురపాలక సంఘానికి 1917 నుండి 1919 వరకు రాజాజీ అధ్యక్షులుగా పనిచేశారు. అంతకు ముందే, 1916లో, ఐదుగురు పిల్లలను ఆయన చేతిలో పెట్టి భార్య కన్నుమూశారు.

1919లో రౌలట్ చట్టం వచ్చింది. విచారణ లేకుండ నిర్బంధించడం, జ్యూరీ లేకుండ విచారించడం, అప్పీలుకు తావివ్వకపోవడం దాని లక్షణాలు. వకీలు వృత్తికి అర్థమేమున్నదో ఆ అర్థాన్నే అది తుడిచివేసింది. ఆ మార్చిలో మద్రాసు వచ్చిన గాంధీగారు రాజాజీ ఇంటనే బస చేశారు. దేశవ్యాప్తంగా హర్తాళ్ జరపాలన్న ఆలోచన ఆయనకు తట్టింది ఆ ఇంటిలోనే. సహాయనిరాకరణోద్యమం రాగానే రాజాజీ నల్లకోటు విడిచారు. మళ్ళీ తొడుగలేదు.

1921 డిసెంబరులో ఆయనకు మూడు నెలల శిక్ష పడి వెల్లూరు జైలు చేరారు. అక్కడ దినచర్య వ్రాసుకొన్నారు. అది పిమ్మట పుస్తకంగా వెలువడినది. స్వరాజ్యం వచ్చినంత మాత్రాన ప్రజలకు సుఖం కలుగదని, ఎన్నికల అవినీతి, అన్యాయం, ధనబలం, పాలనా వైఫల్యం జనాన్ని పీడిస్తాయని జైలుగదిలో కూర్చుండి ఆయన అంచనా వేశారు. తెల్లవారి జైలులో ఉన్న ఖైదీ రాబోయే సొంత ప్రభుత్వాన్ని అనుమానించడం విశేషం.

ఆ అనుమానం చివరకు ఆయన విషయంలోనే పరీక్షకు వచ్చింది. 1937 జులైలో మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి అయ్యారు. అక్టోబరు 1న మద్యనిషేధాన్ని మొట్టమొదట తన సేలం జిల్లాలోనే అమలు చేశారు. అంటే నేటి ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాలన్నీ అందులోనివే. ఎల్లకావల మైసూరు సంస్థానంలో నిషేధం లేదు, ఇటు కల్లు దింపితే నేరం. 1939లో మదురై ఆలయంలోనికి హరిజనులు ప్రవేశించినప్పుడు, ప్రవేశింపజేసిన ధర్మకర్తలు, ఉద్యోగులు కోర్టుకెక్కవలసిన ప్రమాదం ఏర్పడింది. వారికి రక్షణ కల్పిస్తూ చట్టం తెచ్చారు. వకీలు బుద్ధి మంచికి ఉపయోగపడిన సందర్భమది.

మంచికి ఉపయోగపడని సందర్భం కూడా అప్పుడే వచ్చింది. 1938 ఏప్రిల్లో 125 పాఠశాలల్లో హిందుస్తానీని నిర్బంధం చేయగా ఆందోళన చెలరేగింది. ముఖ్యనాయకుని ఇంటి ముందే పికెటింగు జరిగింది. దానిని అణచడానికి ఆయన వాడిన ఆయుధం 1932 నాటి క్రిమినల్ చట్ట సవరణ చట్టం. సత్యాగ్రహులను అణచడానికి తెల్ల ప్రభుత్వం చేసినదది, కాంగ్రెసు ఎలుగెత్తి ఖండించినది. వెయ్యిమందికి పైగా జైలుపాలయ్యారు. పెరియారుకు శిక్ష పడింది. నటరాజన్, తాళముత్తు అనే ఇద్దరు యువకులు ఖైదీలుగా ఉండగా అస్వస్థులై 1939లో మరణించారు. శాంతిభద్రతల కోసం తప్పలేదని ఆయన అభిమానులంటారు. వెల్లూరు దినచర్య వ్రాసిన చేయి ఈ అరెస్టులను సమర్థించడం మాకు మింగుడుపడదు. 1940 ఫిబ్రవరిలో ఆ ఉత్తర్వు రద్దయింది. అప్పటికి ఆయన పదవిలో లేరు.

1948 జూన్ నుండి గవర్నరు జనరలుగా ఉండగా అంతకంటె కఠినమైన కాగితం ఆయన బల్లపైకి వచ్చింది. గాంధీజీ హంతకుడు గోడ్సే, అతని సహచరుడు ఆప్టేల క్షమాభిక్ష విన్నపమది. గాంధీజీ కుమారులు మణిలాల్, రామదాసు వారి ప్రాణం తీయవద్దని కోరారు. గాంధీజీ మరొక కుమారుడు దేవదాసు రాజాజీకి స్వయాన అల్లుడు. అయినను విన్నపం తిరస్కరింపబడింది. 1949 నవంబరు 15న అంబాలా జైలులో ఉరి అమలైంది.

పటేలు మరణానంతరం 1950 డిసెంబరు చివర హోంమంత్రి అయ్యారు. విచారణ లేకుండ నిర్బంధించే చట్టాన్ని రద్దు చేయలేదు, పొడిగించారు. అయితే 1951 సవరణలో ప్రతి నిర్బంధితుని కేసూ సలహా సంఘం ముందుకు రావాలన్న నిబంధన చేర్చారు. అదే ఏడు పత్రికల చట్టం తెచ్చి, ఆరోపణను సెషన్సు జడ్జి విచారించాలని, పత్రికానుభవం గలవారితో జ్యూరీ కోరవచ్చునని ఏర్పాటు చేశారు. పత్రికలవారు మండిపడ్డారు. సంకెల తీయలేదు గాని, తాళంచెవి పోలీసు ఒక్కని చేతిలోనే ఉండకుండ చూశారు.

1952లో మళ్ళీ మద్రాసు ముఖ్యమంత్రి అయినప్పుడు పొట్టి శ్రీరాములు గారి నిరశన, డిసెంబరు 15న ఆయన ప్రాణత్యాగం మన తెలుగువారు మరువలేనివి. ఆ కథ వేరుగా వ్రాయదగినది. 1959లో, ఎనుబది ఏండ్ల వయసులో, స్వతంత్ర పార్టీ స్థాపించి పర్మిట్లు, లైసెన్సుల పాలనపై కలం ఝళిపించారు. 1972 డిసెంబరు 25న మద్రాసులో తుదిశ్వాస విడిచారు. తొరపల్లిలో ఆయన పుట్టిన పెంకుటిల్లు స్మారకంగా నిలిచియున్నది. హోసూరు నుండి కొద్ది దూరమే.