మన్యవీరుని ఆయుధశాల

సైన్యబలాన్ని ఆయుధాల లెక్కతో తూచడం లోకంలో పరిపాటి. ఎవరి తుపాకి ఎక్కువ దూరం పేలుతుందో, ఎవరి చేతిలో ఎక్కువ గుండ్లున్నాయో వారిదే విజయమని భావిస్తారు. తూర్పు కనుమలలో 1922 ఆగస్టు నుండి 1924 వరకు సాగిన మన్యం పోరాటానికి ఈ లెక్క చాలలేదు. ఆ పోరాటానికి నాయకుడు అల్లూరి సీతారామరాజు.

సీతారామరాజు 1897 జూలై 4వ తేదీన విశాఖపట్నం జిల్లా పాండ్రంగిలో జన్మించాడు. తల్లి సూర్యనారాయణమ్మ, తండ్రి వెంకటరామరాజు. తండ్రి ఛాయాచిత్రకారుడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన రాజు, పినతండ్రి రామకృష్ణంరాజు అండతో చదువు సాగించాడు. చదువు మీద కంటె దేశాటనం మీద, ఆధ్యాత్మిక చింతన మీద అతనికి మక్కువ ఎక్కువ. 1917లో కృష్ణదేవిపేట చేరి, మన్యవాసుల నడుమ సన్న్యాసి వలె జీవించసాగాడు.

ఆనాటి మన్యం దుఃస్థితి వర్ణనాతీతం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయానికి సంకెళ్లు వేసింది. తరతరాలుగా తమదనుకున్న అడవిలో కట్టె కొట్టడం కూడ నేరమయింది. కొండ గ్రామాల పెద్దలైన ముఠాదారుల అధికారాలు సన్నగిల్లాయి. గూడెం తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనులకు గిరిజనులను బలవంతంగా తోలి, న్యాయమైన కూలి ఇవ్వకుండా వేధించాడు. అతని చేతిలో అవమానాల పాలైనవారిలో బట్టిపనుకులకు చెందిన గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు ముఖ్యులు. వారు రాజుకు కుడిభుజాలయ్యారు.

మనుషులు సిద్ధమయ్యారు. ఆయుధాలు లేవు. గిరిజనునికి విల్లంబులు పుట్టుకతో వచ్చిన విద్య. విల్లుకు చప్పుడు లేదు, పొగ లేదు, మందుగుండు కొనే పని లేదు. దట్టమైన అడవిలో దగ్గరనుండి వేసే బాణం ఏ ఆయుధానికీ తీసిపోదు. కాని ఆనాటి సైనికుని చేతిలోని లీ ఎన్‌ఫీల్డ్ తుపాకిలో ఒకేసారి పది గుండ్లు పడతాయి. శిక్షణ పొందినవాడు నిమిషానికి పదిహేనుసార్లు గురిచూసి కాల్చగలడు, అదీ విలుకానికి అందనంత దూరం నుండి. శత్రువుతో తలపడాలంటే తుపాకులు కావాలి, తుపాకులు ఉన్నది శత్రువు ఇంట. కనుక రాజు అక్కడికే వెళ్లాడు.

1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడి జరిగింది. 11 తుపాకులు, 1390 గుండ్లు చిక్కాయి. తీసుకున్న ప్రతి వస్తువునూ ఠాణా పుస్తకంలో నమోదు చేసి రాజు సంతకం చేశాడు. దోపిడీదారు ఈ పని చేయడు. మరునాడు కృష్ణదేవిపేటలో 7 తుపాకులు దొరికాయి. ఆగస్టు 24న రాజవొమ్మంగి వంతు వచ్చింది. అప్పటికి పోలీసులకు ముందు జరిగిన దాడుల వార్త చేరింది. వారు కొంత ప్రతిఘటించారు, కాని నిలువలేకపోయారు. అక్కడ 8 తుపాకులు దళం వశమయ్యాయి. నిర్బంధంలో ఉన్న వీరయ్యదొరకు విముక్తి లభించింది.

మూడు రోజులలో, మూడు ఠాణాలలో, 26 తుపాకులు, 2500కు పైగా గుండ్లు! విన్నవారికి ఇది పెద్ద ఆయుధశాలగానే తోస్తుంది. తుపాకికి నూరు గుండ్లయినా రాలేదన్నది అసలు సంగతి. మొదటి ప్రపంచయుద్ధంలో పేరుపొందిన లూయిస్ మరతుపాకి నిమిషానికి అయిదువందల గుండ్లు కురిపించగలదు. అది ఎడతెగక పేలితే, మూడు ఠాణాల గుండ్లు అయిదు నిమిషాల పాటివి. పైగా పేల్చిన గుండుకు బదులు మరొకటి రాజుకు వచ్చే దారి లేదు. అందుచేతనే అతని దళం గుండును ఆచితూచి వాడింది.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ఈ పొదుపు యుద్ధతంత్రమై భాసించింది. ఇరుకైన కొండదారిలో ముందు నడచిన భారతీయ సిపాయిలను దళం దాటిపోనిచ్చింది. వెనుక వచ్చిన ఆంగ్లేయాధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను మాత్రమే గురిచూసి కూల్చింది. తోటి భారతీయుని చంపరాదన్న నియమమూ, గుండు వృథా కారాదన్న అవసరమూ అక్కడ ఒక్కటయ్యాయి. ఆనాడు సిపాయిల చేతిలోని మేలైన తుపాకులు వారికి అక్కరకు రాలేదు. శత్రువు కనబడితేనే కదా తుపాకికి పని!

ప్రభుత్వం కూడ పాఠం నేర్చింది. అక్టోబరు 15న రాజు ముందుగా కబురంపి అడ్డతీగల ఠాణాను ముట్టడించాడు, కాని అక్కడి ఆయుధాలను పోలీసులు అప్పటికే దాచివేశారు. దాడికి ముందు మిరపకాయ కట్టిన బాణంతో వర్తమానం పంపే అతని పద్ధతి మిరపకాయ టపాగా జనంలో ప్రసిద్ధికెక్కింది. అది ధీరోదాత్తమైన అలవాటే. తుపాకుల కోసం చేసే దాడికి మాత్రం అది చేటు చేసిందని చెప్పక తప్పదు.

తరువాత మలబారు ప్రత్యేక పోలీసు దళం మన్యంలో దిగింది. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వద్ద ముఖాముఖి పోరు జరిగింది. కనుమల మరుగు వీడి, పెద్ద ఆయుధాలకు ఎదురు నిలిచిన ఆ పగలూ, ఆ రాత్రీ కలిపి దళంలో 12 మంది నేలకొరిగారు. కష్టపడి సంపాదించిన తుపాకులు కొన్ని చేజారాయి. ఆనాటి నుండి రాజు అటువంటి పోరుకు దూరంగా ఉంటూ వచ్చాడు.

1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డాడు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దళం వచ్చింది. ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డు ప్రత్యేకాధికారిగా వచ్చాడు. ఇన్ని బలగాలు వచ్చినా రాజును పట్టియిచ్చింది తుపాకి కాదు. అతని తలకు ప్రకటించిన పదివేల రూపాయల బహుమానం, గ్రామాలపై నిఘా, దళానికి తిండిగింజలు అందకుండా చేసిన కట్టడి, ఇవి తుపాకి చేయలేని పని చేశాయి. అన్నం పెట్టిన గుడిసెకు శిక్ష తప్పదని తెలిసిన మీదట ఎంత అభిమానం ఉన్నవాడైనా ఎన్నాళ్లు తలుపు తీయగలడు? అడవి దారులు, గిరిజనుల ఆదరణ, వారి మౌనం రాజుకు అసలైన ఆయుధాలు. వాటినే ప్రభుత్వం ఒక్కొక్కటిగా లాగివేసింది.

1924 మే 7న మంప సమీపంలో రాజు పట్టుబడ్డాడు. కొయ్యూరుకు తరలించి, విచారణ లేకుండానే మేజర్ గుడాల్ అతనిని కాల్చి చంపాడు. పారిపోబోగా కాల్చవలసివచ్చిందని ప్రభుత్వం ప్రకటించింది. అప్పటికి అతని వయస్సు ఇరువదియేడేండ్లయినా నిండలేదు. మరునాడు కృష్ణదేవిపేటలో దహనసంస్కారం జరిగింది. గంటందొర పోరు విడువక మరొక నెల నిలిచి, జూన్ 7న ప్రాణాలు విడిచాడు.