ఇబ్నె సఫీ: ఇమ్రాన్‌ని పుట్టించినాయన

ఉర్దూ నవలలు చదివిన ఇళ్లలో ఒక పాత పంచాయితీ ఉంది. ఇమ్రాన్ సిరీస్ అసలు ఎవరిది? పెద్దవాళ్లను అడిగితే ఇబ్నె సఫీది, ఇంకెవరిదీ కాదు అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వాళ్ల తర్వాత వచ్చినవాళ్లకు ఇమ్రాన్ అంటే మజ్‌హర్ కలీమ్ రాసిన ఇమ్రానే. రెండు పక్షాలూ ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుంటే అన్నం చల్లారిపోతుంది గానీ వాదన చల్లారదు. ఈ వాదన ఎందుకొచ్చిందో తెలియాలంటే మొదటాయన జీవితం తెలియాలి.

ఆయన అసలు పేరు అస్రార్ అహ్మద్. 1928 జూలై 26న అలహాబాద్ జిల్లాలోని నారా అనే ఊళ్లో పుట్టారు. వాలిద్ పేరు సఫీవుల్లా. అరబీలో ఇబ్న్ అంటే కొడుకు. ఇబ్నె సఫీ అంటే సఫీ గారి అబ్బాయి అన్నమాట. కలం పేరులో తండ్రి పేరునే పెట్టుకున్నారు. చిన్నప్పుడే తిలిస్మె హోష్‌రుబా చేతికి చిక్కింది. మాయలు, అయ్యార్లు, వేషాలు నిండిన ఆ పెద్ద దాస్తాన్‌లో మునిగిపోయిన పిల్లాడు తర్వాత ఏం రాసినా అందులో ఆ వాసన ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది.

మొదట ఆయన షాయర్. అస్రార్ నార్వీ పేరుతో గజళ్లు రాసేవారు. తుగ్రల్ ఫర్గాన్ అనే ఇంకో పేరుతో హాస్యం, వ్యంగ్యం రాసేవారు. 1947 గొడవల్లో అలహాబాద్ యూనివర్సిటీ చదువు ఆగిపోయింది. రెండేళ్లు టీచర్‌గా పనిచేసినవాళ్లను ఆగ్రా యూనివర్సిటీ ప్రైవేటుగా పరీక్ష రాయనిచ్చేది. అందుకని బడిలో పాఠాలు చెప్పుకుంటూ బి.ఏ. పూర్తి చేశారు.

1948లో అలహాబాద్‌లో అబ్బాస్ హుసైనీ నిక్‌హత్ పబ్లికేషన్స్ మొదలుపెట్టారు. అక్కడ చేరిన కుర్రాళ్ల గుంపు మామూలుది కాదు. తర్వాత టీవీ మహాభారత్‌కు మాటలు రాసిన రాహీ మాసూమ్ రజా కూడా ఆ జమాత్‌లోని వారే. ఒకరోజు అక్కడ చర్చ వచ్చింది. ఉర్దూలో బూతు కలపకపోతే నవల అమ్ముడుపోదని ఒకరన్నారు. అస్రార్ ఒప్పుకోలేదు. శుభ్రంగా రాసి కూడా జనాన్ని కట్టిపడేయొచ్చని, జాసూసీ కథతో అది చేసి చూపిస్తానని పందెం కట్టినట్టే మాటిచ్చారు. అలా 1952 మార్చిలో జాసూసీ దునియా మొదటి నవల దిలేర్ ముజ్రిమ్ వచ్చింది. ఆ మొదటి కథకు మూలం ఇంగ్లిష్ రచయిత విక్టర్ గన్ నవల. అయితే ఫరీదీ, హమీద్ మాత్రం పూర్తిగా ఇక్కడి మనుషులు.

కల్నల్ ఫరీదీ గంభీరమైన మనిషి, నియమం తప్పడు. కెప్టెన్ హమీద్ అల్లరివాడు. తెలుగు పాఠకులకు కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, రాజు గుర్తొస్తారు. జోడీ అలాంటిదే, హమీద్ మోతాదు మాత్రం ఇంకా ఎక్కువ.

అదే ఏడాది ఆగస్టులో అమ్మీని, చెల్లెల్ని తీసుకుని కరాచీ వెళ్లిపోయారు. అబ్బా 1947లోనే అక్కడికి వెళ్లి ఉన్నారు. ఇక్కడే విచిత్రం చూడండి. మనిషి సరిహద్దు దాటాడు, నవలలు దాటలేదు. కరాచీలో రాస్తే అలహాబాద్‌లో నిక్‌హత్ అచ్చేసేది. రెండు దేశాల జనం ఒకే కథ చదివారు. కథలో ఊళ్లకు కల్పిత పేర్లే ఉంటాయి, దేశం పేరు తేల్చి చెప్పరు. అందుకే లక్నోలో చదివినవాడికీ, లాహోర్‌లో చదివినవాడికీ, మన హైదరాబాద్‌లో చదివినవాడికీ అది తమ ఊరి కథే అనిపించింది. హిందీ ముద్రణలో ఫరీదీ వినోద్ అయ్యాడు, ఇమ్రాన్ రాజేష్ అయ్యాడు. హమీద్ మాత్రం హమీద్‌గానే ఉండిపోయాడు.

1953లో నికాహ్ అయింది. 1955లో ఖౌఫ్‌నాక్ ఇమారత్ నవలతో ఇమ్రాన్ వచ్చాడు. అలీ ఇమ్రాన్, ఎం.ఎస్సీ., పీహెచ్.డి., ఆక్స్‌ఫర్డ్. చూస్తే మాత్రం వట్టి వెర్రిబాగులవాడు. రంగురంగుల బట్టలు, నోట్లో చూయింగ్ గమ్, సామెత చెబితే తలకిందులు. సీఐడీ డైరెక్టర్ జనరల్ రహ్‌మాన్ సాహెబ్ కొడుకే అయినా తండ్రికి వాడి ముఖం చూస్తేనే చిరాకు. కానీ సీక్రెట్ సర్వీస్ మొత్తాన్ని గడగడలాడించే ఆ కనిపించని అధికారి ఎక్స్ టూ వీడే. ఆ సంగతి కింద పనిచేసే జూలియాకు, సఫ్దర్‌కు, తన్వీర్‌కు తెలియదు, పాఠకుడికి తెలుసు. నవ్వంతా అక్కడే పుడుతుంది. ఇక వంటవాడు సులేమాన్, వాడి పెసరపప్పు సంగతి చెప్పక్కర్లేదు.

1950ల చివర్లో ఆయన నెలకు రెండు మూడు నవలలు రాశారు. ఎనిమిదేళ్లలో వందకు పైగా. ఏ బుర్రయినా ఎంతకాలం తట్టుకుంటుంది? 1960లో కలం ఆగిపోయింది. స్కిజోఫ్రేనియా అన్నారు. మూడేళ్లు ఆయన ఏమీ రాయలేదు. మానసిక వ్యాధి అంటే పిచ్చి అని ముద్ర వేసి ఇంట్లో దాచేసే రోజులవి. ఇప్పటికీ మన బంధువుల్లో చాలామంది అంతే కదా. ఆయన కుటుంబం అలా వదిలేయలేదు, వైద్యం చేయించింది. కరాచీ హకీం ఇక్బాల్ హుసైన్ గారి చికిత్సతో అల్లాహ్ దయవల్ల కోలుకున్నారు.

ఈ మూడేళ్లలో బజారు ఖాళీగా ఉండలేదు. ఫరీదీ, ఇమ్రాన్ పేర్లతో ఎవరెవరో రాసి పారేశారు. కలం పేర్లు కూడా చూడగానే ఇబ్నె సఫీ అనుకునేలా, ఒక చుక్కో ఒక అక్షరమో మార్చి పెట్టుకున్నవి. కొన్నవాడు ఇంటికెళ్లి నాలుగు పేజీలు చదివాక నెత్తి కొట్టుకునేవాడు. మోసం ఎక్కడ తెలిసిపోయేదంటే భాషలో. తుపాకీ కాల్పులు ఎవరైనా రాస్తారు. ఇమ్రాన్ తిక్క మాటలో ఉన్న ఆ తెలివిని దొంగిలించడం ఎవరివల్లా కాలేదు.

1963 నవంబర్ 25న డేఢ్ మత్‌వాలే నవలతో తిరిగొచ్చారు. భారత్‌లో ఆ పుస్తకాన్ని ఆవిష్కరించినది లాల్ బహదూర్ శాస్త్రి గారు, తర్వాత ప్రధాని అయినాయన. కరాచీలో ఉండే రచయిత జాసూసీ నవలకు ఇక్కడి పెద్ద నాయకుడు వచ్చి నిలబడ్డారంటే, ఆ రోజుల్లో పుస్తకానికి ఉన్న ఇజ్జత్ అది. రెండేళ్లు తిరక్కుండానే రెండు దేశాలూ యుద్ధంలో దిగాయి. నవల వారంలోనే రెండో ముద్రణకు వెళ్లింది.

పాఠకులతో ఆయన సంబంధం కూడా వింతైనది. ప్రతి నవల ముందు పేష్‌రస్ అని చిన్న ముందుమాట రాసేవారు. జాబులు రాసినవాళ్లకు జవాబులు అందులోనే. పోయినసారి కథ సాగదీశారని ఒకరు, ఇమ్రాన్‌కు పెళ్లి చేయమని ఒకరు, ఫలానా విలన్‌ను చంపొద్దని ఒకరు. కొందరికి నవ్వుతూ జవాబిచ్చేవారు, కొందరికి చురక పెట్టేవారు. నకిలీ పుస్తకాల మీద గోడు కూడా అక్కడే వెళ్లబోసుకునేవారు. నవల పక్కన పెట్టి ముందు పేష్‌రస్ చదివేవాళ్లు ఎంతమందో.

జాసూసీ దునియాలో సుమారు 125, ఇమ్రాన్ సిరీస్‌లో సుమారు 120 నవలలు రాశారు. వాటిలో నేరస్థుడు గెలవడు, చట్టమే గెలుస్తుంది. పరాయి ఆడమనిషిని ఫరీదీ గానీ ఇమ్రాన్ గానీ చెడ్డ చూపు చూడరు. తండ్రి చదివాక కొడుకు, అతని తర్వాత బేటీ చదవగలిగేలా రాయడం అంత తేలికేం కాదు. అప్పట్లో అలహాబాద్‌లో ఇచ్చిన మాట ఆఖరిదాకా నిలబెట్టుకున్నారు.

1974లో ఆయన నవల ఆధారంగా ధమాకా అనే సినిమా వచ్చింది, జావేద్ షేక్‌కు అది మొదటి సినిమా. పెద్దగా ఆడలేదు.

1980 జూలై 26న పాంక్రియాస్ కేన్సర్‌తో ఇంతెఖాల్ అయ్యారు. పుట్టిన తేదీనే. సరిగ్గా 52 ఏళ్లు. కరాచీ పాపోష్‌నగర్ ఖబ్రస్తాన్‌లో దఫన్ చేశారు. ఆఖ్రీ ఆద్మీ అనే ఇమ్రాన్ నవల సగంలో ఆగిపోయింది.

ఇమ్రాన్ మాత్రం ఆగలేదు. చాలామంది రాశారు. వాళ్లలో నిలిచింది ముల్తాన్ వకీలు మజ్‌హర్ కలీమ్ గారు, వందల కొద్దీ నవలలు రాసి 2018లో పోయారు. అందులో ఇమ్రాన్‌కు టైగర్ అనే శిష్యుడొచ్చాడు, దేశానికి పాకేషియా అని పేరొచ్చింది, మిషన్లు పెరిగాయి, కొట్లాట పెరిగింది. వేగం కావాలనుకునే కుర్రాళ్లకు అవి నచ్చాయి, నచ్చడంలో తప్పు లేదు. వేలమందికి ఉర్దూ చదివే అలవాటు చేసిన పుస్తకాలవి. కానీ ఆ ఇమ్రాన్ పేరొక్కటే పాతది. అతను కొట్టి గెలుస్తాడు. సఫీ గారి ఇమ్రాన్ ఎదుటివాణ్ణి నవ్వించి, తికమకపెట్టి, వాడి నోటితోనే నేరం కక్కించి గెలుస్తాడు. ఇద్దరినీ ఒకే తక్కెడలో తూచడమే ఈ పంచాయితీలోని చిక్కు.

మన ఇళ్లలో ఇప్పుడింకో చిక్కు. ఉర్దూ మాట్లాడతారు, లిపి చదవలేరు, బడిలో తెలుగో ఇంగ్లిషో. అలాంటి పిల్లలకు ఇంగ్లిష్‌లో దారి ఉంది. 2011లో చెన్నైలోని బ్లాఫ్ట్ సంస్థ జాసూసీ దునియా నుంచి నాలుగు నవలలు తెచ్చింది, అనువాదం చేసింది సాక్షాత్తు షమ్సుర్ రహ్‌మాన్ ఫారూఖీ. ఇమ్రాన్ మొదటి నవల కూడా ఇంగ్లిష్‌లో వచ్చింది. హిందీ చదవగలిగితే ఇంకా మంచిది. అయితే ఇమ్రాన్‌కూ సులేమాన్‌కూ పెసరపప్పు మీద జరిగే గొడవ ఏ అనువాదంలోనైనా సగమే వస్తుంది. అది కావాలంటే ఇంట్లో దాదానో నానీనో పక్కన కూర్చోబెట్టుకుని ఉర్దూలోనే చదివించుకోవాలి.