సర్కారు లెక్కల లేని అవ్వ, మైనం గొట్టంల పాట

తాస్మానియా పేరు ఇంటే మనోళ్లకు ముందుగాల యాదికొచ్చేది రికీ పాంటింగ్. ఆస్ట్రేలియాకు దక్షిణం దిక్కు సముద్రంల ఉన్న దీవి అది. నేను జెప్పవోయేది క్రికెట్ ముచ్చట గాదు, ఆ దీవిల పాట వాడిన ఒక అవ్వ ముచ్చట. పేరు ఫానీ కోక్రేన్ స్మిత్.

బ్రిటిషోళ్లు అక్కడ కాలు వెట్టింది 1803ల. వేల ఏండ్ల సంది ఆ గడ్డ మీద మూలవాసులున్నరు, ఒక్కటి గాదు చానా భాషలు మాట్లాడెటోళ్లు. గొర్రెల మందల కోసం భూములు గుంజుకున్నరు. తిరగవడితె తుపాకులు. తుపాకులకు దొరకనోళ్లను రోగాలు మింగినయి. మిగిలినోళ్లకు మంచి మాటలు జెప్పి, పడవలెక్కించి ఫ్లిండర్స్ దీవిల వైబలెన్నా అనే క్యాంపుల వెట్టిన్రు. 1847ల ఆ క్యాంపు మూసేసి హోబార్ట్ దిక్కు ఆయిస్టర్ కోవ్‌కు తెచ్చెనాటికి బతికున్నది 47 మందే.

ఫానీ పుట్టింది ఆ క్యాంపులనే, 1834ల. ఏడేండ్ల పిల్లను తల్లి కాడికెల్లి తీసి తెల్లోళ్ల ఇండ్లల్ల, అనాథ బడిల వెట్టిన్రు. క్యాంపుల మతం బోధించే ఆయన ఇంట్ల ఉన్నన్ని రోజులు నరకమే. దెబ్బలు, మురికి, ఆకలి. అయినా తనోళ్ల పాటలు మర్చిపోలే. నాకు ఆశ్చర్యమైతది, గంత చిన్నప్పుడు ఇన్న పాటలను 65 ఏండ్ల దాంక ఎట్ల దాసుకున్నదో!

1854ల విలియం స్మిత్ అనే ఇంగ్లీషాయనను పెండ్లి చేసుకున్నది. శిక్ష వడి ఆ దీవికి వచ్చినోడు, కట్టె కోత పని. పదకొండు మంది పిల్లలైన్రు. అడివిల కట్టె కొట్టి, మూటలు మోసి సంసారం ఈదిన్రు.

1876ల ట్రుగనీని అనే అవ్వ చనిపోయింది. ఆఖరి తాస్మానియా మూలవాసి పోయిందని దునియా అంత నమ్మింది. జర సోంచాయించున్రి: ఒక జాతి అయిపోయిందంటే ఆ భూమి మీద అడిగేటోళ్లు లేనట్టే గదా. ఫానీ ఊకోలే. నేనున్న, నా పిల్లలున్నరని అడిగింది. అక్కడి పార్లమెంటు ఆమె పేరు మీద 300 ఎకరాలు రాసిచ్చింది, ఏటా ఇచ్చే 24 పౌండ్లు గూడ 50 అయినయి. 300 ఎకరాలంటే శానా అనిపిస్తది గని, దీవి మొత్తం వాళ్లదే ఉండె.

అంతటితోని అయిపోలే. 1898ల లింగ్ రాత్ అనే పండితుడు ఆమె ఫోటోలు, వెంట్రుకలు జూసి, ఈమె అసలైన మూలవాసి గాదు, కలిసిన రక్తమని రాసిండు. మనిషి బతికుండంగ, భాష నోట్ల ఉండంగ, వెంట్రుకల సాక్ష్యం ఎందుకో నాకైతె సమజ్ గాదు.

ఆమె జవాబు పాటతోని వచ్చింది. 1899ల రాయల్ సొసైటీ వాళ్ల ముంగట, మల్ల 1903ల హోరెస్ వాట్సన్ కాడ, ఫోనోగ్రాఫ్ గొట్టంలకు తన భాషల పాడింది. వాట్సన్‌తోని కూసున్న ఫోటో ఇప్పటికీ ఉన్నది. అప్పటి తాస్మానియా భాషలు వచ్చిన మనిషి గొంతు రికార్డయింది ఇదొక్కటే.

ఇంకో సంగతి జెప్పాలె. 1878ల ట్రుగనీని బొంద తవ్వి ఎముకలు తీసింది గూడ ఈ రాయల్ సొసైటీనే. 1904 సంది 1947 దాంక ఆ అస్తిపంజరాన్ని హోబార్ట్ మ్యూజియంల అద్దాల పెట్టెల వెట్టి జనానికి సూపెట్టిన్రు. ఒకామె ఎముకలు, ఒకామె గొంతు. రెండూ వాళ్లకు వస్తువులే. 1976ల గని ట్రుగనీని బూడిద సముద్రంల కలవలే.

ఫానీ 1905ల పోయింది. మైనం గొట్టాలు తిప్పినకొద్ది అరుగుతయి, బూజు వడుతయి. ఉన్నకాడికి కాపాడిన్రు. 2017ల యునెస్కో ఆస్ట్రేలియా జాబితాల ఎక్కినయి. పాత రాతలు, ఈ పాటలు ముంగటేసుకొని అక్కడి మూలవాసులు 1990ల సంది పలావా కాని పేరుతోని భాషను మల్ల కూడవెడుతున్రు. పిల్లలు నేర్సుకుంటున్రు. హోబార్ట్ మీద కనవడే వెల్లింగ్టన్ గుట్టకు 2013 సంది కునాన్యి అనే పేరు సుత ఉన్నది, రాసింది సర్కారే.