విలియం రాక్సుబర్గు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానములలో పత్తియు, మిరపయు విరివిగా పండును. కనుచూపు మేర చేలే కాని పెద్ద వృక్షములు స్వల్పము. ఆ మైదానములను దాటి పడమరకు పోయినచో నల్లమల కొండలు కానవచ్చును. అచ్చటి చెట్లకొమ్మలపై దళసరి ఆకులు గల మొక్కలు కొన్ని, వ్రేళ్ళను గాలిలోనికి చాచి పెరుగుచుండును. తెలుగువారు వీనిని బదనిక లందురు. చెట్టు రసమును పీల్చి బ్రతుకు వేరొక తెగ మొక్కలకును ఇదియే పేరు. మొదటివి కొమ్మను ఆధారముగా మాత్రమే గ్రహించి, వాననీటితోను మంచుతోను జీవించును. ఇవియే ఆర్కిడ్లు. ఒకే పేరున చెల్లుచున్న ఇట్టి మొక్కలను పరిశీలించి, మన సర్కారు సీమలో వానికి శాస్త్రీయ నామము లొసగిన తొలి విద్వాంసులలో విలియం రాక్సుబర్గు ముఖ్యుడు.

రాక్సుబర్గు 1751వ సంవత్సరమున స్కాట్లండు దేశమున జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యము నభ్యసించుచు, జాన్ హోప్ అను ఆచార్యునికడ వృక్షశాస్త్రమును నేర్చెను. 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువున సహాయ వైద్యుడుగా చెన్నపట్టణము చేరెను. 1781లో గోదావరి ప్రాంతమందలి సామర్లకోటకు వచ్చి, అచ్చట తోటలు వేయించి, మిరియము, నీలి మొదలగు పైరులను గూర్చి పరిశోధనలు సాగించెను. రోగులను చూచుట ఆయన వృత్తి. మొక్కలను చూచుట ఆయన వ్రతము.

ఆ కాలమున యోహాన్ కోనిగ్ అను మరియొక వైద్యుడు ఈ తీరమున మొక్కలను సేకరించుచుండెను. అతడు వర్గీకరణశాస్త్ర పితామహుడగు లిన్నేయసు శిష్యుడు. రాక్సుబర్గునకు మిత్రుడు. 1785లో కాకినాడ చెంత జగన్నాథపురమున అతడు మరణించెను. రెండేండ్లు గడువకముందే రాక్సుబర్గునకు మరియొక విపత్తు సంభవించెను. 1787లో కోరంగి తీరమున గొప్ప తుపాను చెలరేగి, సముద్రము భూమిపైకి పొంగి వచ్చెను. ఆ ఉప్పెనలో ఆయన పుస్తకములును, సేకరణలును నష్టమయ్యెను. అన్ని యేండ్ల శ్రమ నీటిపాలైనను ఆయన నిరాశ చెందలేదు. మరల మొదటినుండి పని నారంభించెను.

ఆర్కిడ్ల విషయమున ఈ పని మిక్కిలి కష్టమైనది. వీని పూలు ఎండినచో రంగును, రూపమును కోల్పోవును. కావున పూవు తాజాగా నున్నపుడే దాని భాగములను విడదీసి చూడవలెను. వెలుపలి రేకులు మూడు, లోపలి రేకులు మూడు. లోపలివానిలో ఒకటి మాత్రము తక్కినవానికి భిన్నముగా పెదవివలె నుండును. కేసరమును, కీలమును వేరువేరుగా గాక ఒకే స్తంభముగా కలిసియుండును. పుప్పొడి పొడిగా రాలక చిన్న ముద్దలుగా నుండును. రాక్సుబర్గు ఈ లక్షణములను వ్రాసికొనుచు, దేశీయ చిత్రకారులచే రంగుల చిత్రములు వ్రాయించెను. స్థానికులు చెప్పిన తెలుగు పేర్లను సైతము గ్రంథస్థము చేసెను.

సర్కారు సీమలో దొరకిన రెండు ఆర్కిడ్లను చూడుడు. ఒకదాని ఆకు కొన కొరికివేసినట్లుండును. కావున ఆయన దానికి కొరికినది అను అర్థము గల ప్రీమోర్సం అను పేరు పెట్టెను. రెండవదాని పూరేకులపై చదరంగపు గళ్ళవంటి గీత లుండును. కావున దానికి గళ్ళు గలది అను అర్థము గల టెస్సెల్లాటం అను పేరిడెను. చెట్లపై పెరుగు ఆర్కిడ్లను లిన్నేయసు ఎపిడెండ్రం అను ప్రజాతిలో చేర్చియుండుటచే, రాక్సుబర్గును ఈ రెండింటిని అందే ఉంచెను. జోసెఫ్ బ్యాంక్సు పర్యవేక్షణమున లండనులో 1795 మొదలుకొని వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున ఇవి ప్రకటితమయ్యెను. మూడు సంపుటముల ఆ గ్రంథమున మూడువందల చిత్రములు గలవు.

1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతియై, ఇరువదియేండ్లు సేవచేసి, ఆరోగ్యము చెడుటచే 1813లో ఆ పదవిని విడిచెను. 1815లో ఎడింబరో నగరమున మరణించెను. పత్తి, మిరప మొక్కలను సైతము వర్ణించిన ఆయన మహాగ్రంథము ఫ్లోరా ఇండికా ఆయన మరణానంతరమే అచ్చయ్యెను.

పిమ్మట శాస్త్రము వృద్ధిపొందెను. ఎపిడెండ్రములు అమెరికా ఖండపు ఉష్ణదేశములవనియు, మన ఆర్కిడ్లు వానికి భిన్నములనియు తేలెను. 1853లో జాన్ లిండ్లే అకాంపే అను చిన్న ప్రజాతిని ఏర్పరచెను. వంచినచో వంగక విరుగు పూలు గలది కావున గ్రీకు భాషనుండి దానికా పేరు వచ్చెను. ఆఫ్రికానుండి ఆగ్నేయాసియా వరకు వ్యాపించిన ఆ ప్రజాతిలో జాతులు కొద్ది మాత్రమే. కొరికిన ఆకు గల మన మొక్క 1932లో అకాంపే ప్రీమోర్సాగా స్థిరపడెను.

రెండవ మొక్క కథ మరింత విచిత్రము. బదనికను దెలుపు సంస్కృత పదమునుండి వచ్చిన వాండా అను ప్రజాతిలో దానిని చేర్చి, రాబర్ట్ బ్రౌన్ 1820లో రాక్సుబర్గు గౌరవార్థము వాండా రాక్సుబర్గీ అని పేరు పెట్టెను. కాని ఒక జాతికి మొదట పెట్టిన పేరే చెల్లవలెనని శాస్త్రనియమము. అందుచే రాక్సుబర్గును స్మరించు నామము తొలగి, రాక్సుబర్గు ఒసగిన నామమే నిలిచి, ఆ మొక్క వాండా టెస్సెల్లాటా అయ్యెను. ఆయన పేరు పోయినను ఆయన చూపు నిలిచెను. పూవును శ్రద్ధతో చూచినవానికి ఇంతకంటె మించిన గౌరవ మేమి కలదు?