పేర్లు రాసిపెట్టిన మహనీయుడు – సురవరం

సర్వీసు బుక్కులో పేరెక్కని వానికి పెన్షన్ రాదు. గుమాస్తాగిరీ చేసిన నాకు ఇది బాగా తెలుసు. సాహిత్యంలోనూ అంతే.

శ్రీ సురవరం ప్రతాపరెడ్డి గారు 1896లో పాలమూరు సీమలో జన్మించారు. బి.ఎల్. చదివారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం ఏలుబడిలో 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించారు. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒకరు రాయగా, వీరు వాదులాటకు దిగలేదు. పద్యాలు, వివరాలు పంపండని పత్రిక ద్వారా ఊరూరా కోరారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అదే జవాబు! మారుమూల పల్లెల కవుల పేర్లు ఎన్నో దానివల్లనే నిలిచాయి. నేటికీ పరిశోధకులకు అది ఆధారం.

1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువరించి, 1953లో కన్నుమూశారు. 1955లో ఆ గ్రంథానికి తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది.

మిత్రులారా, మన ఇండ్లలో తాతల నాటి పద్యాల నోటుబుక్కులుంటే తూకానికి అమ్మకండి. అట్టమీద రాసినవారి పేరు, ఊరు, సంవత్సరం రాయండి. మన డిచ్‌పల్లి యూనివర్సిటీలో తెలుగు చదివే పిల్లలకు చూపండి. ఆ మహనీయునికి మనమిచ్చే నివాళి అదే.